కంటికొలత మీద నా పగ

మొన్న ఆదివారం మా అమ్మాయి కూతురు నన్ను తిరుపతిలో కొత్తగా కట్టిన ఒక పెద్ద బట్టల దుకాణానికి తీసుకుపోయింది. చీర కొనిపెడుతుందేమో అనుకుంటూ ఆ కదిలే మెట్ల మీద భయంభయంగా నిలబడి మూడో అంతస్తుకు చేరితే, అక్కడ ఎటు చూసినా ఆడవాళ్ళ లోదుస్తులే. ఇరవై ఏళ్ళుంటాయేమో, మెడలో టేపు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి నన్ను చల్లని చిన్న గదిలోకి తీసుకువెళ్ళి, తలుపు వేసి, ఊపిరి మామూలుగా వదలమని చెప్పి, రెండంటే రెండు నిమిషాల్లో కొలత తీసుకుంది. ఆమె తెచ్చి ఇచ్చింది వేసుకుని చేతులు పైకెత్తాను, వంగాను, కూర్చుని లేచాను. ఎక్కడా కోయలేదు, జారలేదు, ఎగబాకలేదు.

బయటికి వచ్చి అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. "ఏమవ్వా, కళ్ళు తిరుగుతుండాయా?" అని మా మనవరాలు కంగారుపడింది. కళ్ళు తిరగలేదు. ఒక మనిషి గుర్తుకొచ్చాడు. ప్రేమతో గుర్తుకు రాలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని మరిచిపోయానో లెక్కలేదు, పెళ్ళినాటి చీర రంగు కూడా తడుముకోవాల్సి వస్తుంది, ఆ మనిషి మీద కోపం మాత్రం నిన్న కాచిన నెయ్యిలా కమ్మగా అలాగే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో అతనితో చెప్పి పాత బజారు వీధిగుండా పోనిమ్మన్నాను. ఆయన అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు తొడిగే కవర్లు అమ్ముతున్నారు. ఆటో ఆపించి కళ్ళారా చూసుకుని, సంతృప్తిగా ఇంటికి వచ్చాను.

నా ఈడు ఆడవాళ్ళు ఇది చదివితే ఎక్కడికి పోతున్నానో ఇప్పటికే గ్రహించి ఉంటారు. మగవాళ్ళు పేజీ తిప్పేయబోతారేమో. తిప్పకండి, మీ ఇంట్లో ఆడవాళ్ళ భుజాల మీద ఎప్పటినుంచో పడి ఉన్న గాడి ఎందుకు వచ్చిందో అడిగి తెలుసుకుని మళ్ళీ ఇక్కడికి రండి.

మా కాలంలో దాన్ని బాడీ అనేవాళ్ళం. ఆ మాట కూడా గొంతు తగ్గించే అనేవాళ్ళం. చిత్తూరులో మా అమ్మ, నాయన పాత పంచెల్లో గట్టిగా ఉన్న భాగం చూసి కత్తిరించి, ముందు గుండీలు పెట్టి నాకు చేత్తో కుట్టి ఇచ్చేది. నాది కాస్త బరువైన ఒళ్ళు. పదిహేనో ఏటికే ఆ కుట్లు పిగిలిపోయేవి, అమ్మ నిట్టూర్చి మళ్ళీ కుట్టేది. నాయన ప్రాథమిక పాఠశాలలో పంతులు. నాకు తిరుపతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చిన రోజున ఆయన బడిలో పిల్లలందరికీ బొరుగుల ఉండలు పంచిపెట్టి, మా అమ్మాయి మాట్లాడమంటేనే ఊళ్ళు మాట్లాడుకుంటాయని చెప్పుకున్నాడట. అప్పుడు నాకు ఇరవై ఒకటి.

ఆ ఉద్యోగం ఎలాంటిదో ఇప్పటి పిల్లలకు తెలియదు. మనిషికంటే ఎత్తైన బోర్డు, దాని నిండా చిన్నచిన్న రంధ్రాలు, చేతిలో తాళ్ళు. ఇటు మద్రాసు, అటు కడప, పైవరసలో బెంగుళూరు. ఎవరికి ఏ ఊరు కావాలంటే ఆ రంధ్రంలో తాడు గుచ్చాలి. చెవులకు హెడ్‌సెట్టు, పూటకు ఏడు గంటలు, కుడి చెయ్యి ఎత్తడం దించడం, ఎత్తడం దించడం. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ భుజం మీద పట్టీ కండలోకి దిగేది, వెనక పట్టీ పైకి పాకి మెడ కిందికి చేరేది. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరి. హాస్టలుకు వచ్చి రవిక విప్పితే రెండు భుజాల మీద ఎర్రటి కాలువలు. ఇది నా ఒంటి దోషమనే అనుకున్నాను. ఇంకెవరిని అడగాలో తెలియనప్పుడు మనిషి తనను తానే తిట్టుకుంటాడు కదా.

ఊళ్ళో ఆడవాళ్ళందరం కొనేది ఆ అంగడిలోనే. తెల్లటి పరుపు మీద మఠం వేసుకుని, నుదుట పొడవాటి నామంతో ఆయన కూర్చునేవాడు. వెనక నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. అడగడానికి సిగ్గుపడి మేము నేల చూపులు చూస్తుంటే ఆయన పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, ఒక పెట్టె లాగి ముందు పడేసేవాడు. టేపు ముట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. తన కంటికొలత ముప్పై ఏళ్ళుగా తప్పలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అందరికీ పడేసేది ముప్పై నాలుగే. వెదురులా ఉండే మా గదిలోని అమ్మాయికీ ముప్పై నాలుగే, నాకూ ముప్పై నాలుగే. పాత పేపరులో చుట్టి ఇస్తే దాన్ని దొంగసొత్తులా సంచి అడుగున దాచుకుని పరుగున వచ్చేసేవాళ్ళం.

ఒకసారి అలా తెచ్చుకున్నదాంట్లో ముందువైపు నా ఒళ్ళు సగం కూడా పట్టలేదు. మడత నలగకుండా తీసుకువెళ్ళి, కాస్త పెద్దది మార్చి ఇమ్మని అడిగాను. ముహూర్తాల రోజులు, అంగడి నిండా జనం, కొండ మీద గుండ్లు కొట్టించుకుని దిగి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అందరికీ కనబడేట్టు పైకెత్తాడు.

"ముప్పై నాలుగు సాలకపోతే నేనేం సేసేది తల్లీ? బట్టలో తప్పు ల్యా. నీ ఒంట్లో ఉండాది తప్పు. తగ్గించుకోని రా, పో."

అంగడంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో మా ఎక్స్ఛేంజి లైన్‌మన్ ఒకడున్నాడు. నేను దాన్ని అందుకుని ఎలా బయటపడ్డానో, ఏ సందుగుండా హాస్టలుకు చేరానో నాకు తెలియదు. మర్నాడు బోర్డు ముందు కూర్చోగానే టెస్టు లైనులో అతని గొంతు వినబడింది. "హలో ముప్పై నాలుగూ, లైను వస్తా ఉండాదా?" వెనక ఇంకెవరో నవ్వారు. ఆ వారంలో నాకు అదే పేరయింది. క్యాంటీనుకు పోవడం మానేశాను. రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకుని తిరిగాను. నాయనకు ఏం చెప్పాలో తెలియక మాత్రమే దాన్ని ఇవ్వలేదు.

అప్పుడే ఒక మధ్యాహ్నం ఆయన అంగడి నంబరు బోర్డు మీద వెలిగింది. మద్రాసులో సరుకు పంపే వ్యాపారికి అర్జంటు కాల్ కావాలన్నాడు. ఆయన నా గొంతు గుర్తుపట్టలేదు. నేను వివరాలన్నీ మర్యాదగా రాసుకుని, ఆ చీటీని తీసి అన్నింటికీ అడుగున పెట్టాను. అరగంటకు అడిగాడు, లైను ఖాళీ లేదన్నాను. గంటకు అడిగాడు. రెండు గంటలకు "అమ్మా, కొంచెం సూడమ్మా, నీకు పుణ్యముంటాది" అన్నాడు. నన్ను పో అన్న నోరే. ఆ రెండు గంటలూ నేను పడిన ఆనందం ఇంతా అంతా కాదు, ఇప్పుడు దాన్ని పశ్చాత్తాపంగా మార్చి చెప్పడం నాకు చేతకాదు.

మా సూపర్వైజరు నడివయసు క్రైస్తవురాలు. ఆమెను అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. ఆమె నడక చప్పుడు వినబడేది కాదు. నా వెనక నిలబడి అడుగున ఉన్న చీటీ బయటికి తీసింది. ఇంకో హెడ్‌సెట్టు తగిలించుకుని తానే మద్రాసు కలిపి, మాట్లాడమని ఆయనకు చెప్పి, నన్ను విశ్రాంతి గదిలోకి రమ్మంది.

"ఏంటికి సేసినావు ఈ పని?"

నేను చెప్పాను. చెబుతూ ఏడ్చాను. సంచిలో ఉన్న రాజీనామా కాగితం కూడా చూపించాను. ఆమె అంతా విని, "పగుంటే ఆయప్ప అంగడికి పోయి, మొగం మీద తీర్సుకో పాపా. ఈ బోర్డు మీద కాదు. అది మనకి కూడు పెట్టేది" అంది. కాగితం చింపేస్తుందనుకున్నాను, చింపలేదు, మడిచి నా చేతిలోనే పెట్టింది. తరువాత లేచి తలుపు గడియ వేసి, తన సంచిలోనుంచి టేపు తీసింది. వాళ్ళమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేదట, అక్కడి నర్సులు తమ బట్టలు తామే కుట్టుకునేవాళ్ళట, కొలత తీయడం ఆమెకు అలా వచ్చిందట.

నేను పుట్టాక మొట్టమొదటిసారి ఒకరు నన్ను కొలిచారు. ముందు రొమ్ముల కింద చుట్టూ, టేపు ఒంటికి ఆనుకునేలా. తరువాత నిండుగా ఉన్నచోట, వదులుగా. రెండు అంకెలు కాగితం మీద వేసి, అర్థమయ్యేలా చెప్పింది. బరువు మోయాల్సింది భుజాల పట్టీలు కాదు, కింద చుట్టూ ఉండే పట్టీ. అది వదులైతే వెనక మెడ దాకా పాకుతుంది, భారమంతా భుజాల మీద పడుతుంది. నాకు చుట్టూ ముప్పై రెండే చాలు, ముందు గిన్నె మాత్రం ఇంకా చాలా పెద్దది కావాలి. ఆయన ఇచ్చింది రెండు విధాలా తప్పు.

"నీ ఒంట్లో ఏ తప్పూ ల్యా పాపా" అంది అక్క. "ఆయప్ప పెట్టెలో ఉండేది ఒగటే సైజు, అంతే."

చాలామందికి ఇలాంటి మాట వింటే ఓదార్పు కలుగుతుందేమో. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. తిరుపతికి వచ్చినప్పటినుంచీ నా శరీరాన్ని నేను తిట్టుకున్న తిట్లన్నీ ఆ ఒక్క మనిషికి చేరాల్సినవని తెలిసింది. ఆ సాయంత్రం రాజీనామా కాగితాన్ని నేనే చింపేశాను.

తరువాతి ఆదివారం అక్క వాళ్ళింట్లో కుట్టు మిషను ముందు కూర్చుని, నా పాతది విప్పి అచ్చు తీసి, గట్టి పాప్లిన్ గుడ్డతో, రెండు వేళ్ళ వెడల్పు పట్టీలతో ఒకటి కుట్టి ఇచ్చింది. సోమవారం అది వేసుకుని డ్యూటీకి పోయి పైవరసలో బెంగుళూరు కలపడానికి చెయ్యి ఎత్తాను. ఏదీ నన్ను వెనక్కి లాగలేదు. మరోసారి ఎత్తాను, పని లేకపోయినా. అలా ఆ రోజంతా మా బోర్డు మీద బెంగుళూరు వాళ్ళకు చాలా మంచి సేవ దొరికింది.

మా ఎక్స్ఛేంజిలో మొత్తం పదహారు మంది ఆడవాళ్ళం. టీ వేళల్లో విశ్రాంతి గది గడియ వేసి, అక్క కొలిచేది, నేను రాసేదాన్ని. ఏ ఇద్దరి కొలతలూ ఒకటి కాలేదు. అందరి ఒంటి మీదా ఉన్నది మాత్రం ఆ ముప్పై నాలుగే. కవలల తల్లి అయిన ఒకామె, బిడ్డలకు పాలు చాలకపోవడానికి కూడా ఇదే కారణమేమోనని ఇన్నేళ్ళకు అనుమానపడి కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూశాక పగ నాది ఒక్కదానిదే కాకుండా పోయింది.

పథకం నాదే. అక్క వద్దనలేదు. రోజుకొకరు ఆ అంగడికి పోవాలి, తల వంచకూడదు, గొంతు తగ్గించకూడదు, తన కొలతలు రెండూ స్పష్టంగా చెప్పాలి. ఆయన లేవన్నా, ముప్పై నాలుగే తీసుకోమన్నా, వద్దులెండి అని నమస్కారం పెట్టి వచ్చేయాలి. అంతే. మొదటి వారం ఆయన విసుక్కున్నాడట. రెండో వారం "ఏందమ్మా ఈ కొత్త లెక్కలు, యాడ నేర్సినారు?" అన్నాడట. నేను తప్ప మా ఎక్స్ఛేంజి వాళ్ళంతా అయిపోయాక హాస్టలు అమ్మాయిలు, వాళ్ళ తరువాత కాలేజీ అమ్మాయిలు, ఆసుపత్రి నర్సులు, కొండ మీద ఉద్యోగస్తుల ఇళ్ళలోని ఆడవాళ్ళు, ఇలా అక్క టేపు ఊరంతా తిరిగింది. అక్కడ ఎదురుచూస్తూ నిలబడ్డ కొత్తవాళ్ళు సైతం ఈ అడగడం విని, కొనకుండా వెనక్కి వచ్చేవాళ్ళట. ప్రతి సాయంత్రం ఆ రోజు పోయినామె వచ్చి ఆయన మొహం ఎలా మారిందో చెబుతుంటే, మిఠాయి తింటున్నట్టు వినేదాన్ని.

చివరిగా నేను పోయాను. కావాలనే మళ్ళీ ముహూర్తాల రోజులు చూసుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. నా కొలతలు చెప్పాను. లేవన్నాడు. తన కంటికొలత ముందు టేపులెందుకన్నాడు. నేను టేపు తీసి ఆ తెల్ల పరుపు మీద పెట్టాను.

"అయితే నీ నడుమెంతో సెప్పన్నా. కంటితోనే."

ఆయన అట్టపెట్టెల వైపు తిరగబోయాడు. వెనక నుంచి ఒక పెద్దామె, పక్క పల్లె నుంచి పెళ్ళి బట్టలకు వచ్చినట్టుంది, అందుకుంది. "సెప్పప్పా. ఆడోళ్ళవన్నీ సెప్తావు గదా, నీది సెప్పేదానికేం?"

ఇక తప్పక తన పొట్ట వైపు చూసుకుని ముప్పై ఆరన్నాడు. ఆ పెద్దామె మొగుడు సరదా మనిషి, అడగకుండానే టేపు అందుకుని పరుపెక్కి చుట్టేశాడు. నలభై మూడు. అంకె ఆ కొలిచినాయనే గట్టిగా చదివాడు. అంగడంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నేను నిలబడే ఉన్నాను.

"టేపులో తప్పు ల్యా అన్నా. నీ ఒంట్లోనే ఉండాది. తగ్గించుకోనిరా" అని చెప్పి, టేపు మడుచుకుని మెట్లు దిగి వచ్చాను. ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడం ఆయన కళ్ళలో చూశాను. నా జీవితంలో పెళ్ళి, బిడ్డ, ఇల్లు అన్నీ సంతోషాలే, వాటి పక్కన దీన్ని కూడా పెట్టుకుంటాను.

లైన్‌మన్ సంగతి తేలిగ్గానే తేలింది. మరోసారి టెస్టు లైనులో ఆ పేరుతో పిలిస్తే, ఆ లైనును తిన్నగా పెద్ద ఇంజనీరు గదికి కలిపి, మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. ఆ తరువాత నన్ను మేడం అనడం నేర్చుకున్నాడు.

ఏడాది గడిచింది. అక్క ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటి ముందు గదిలో ఆడవాళ్ళకు మాత్రమే కుట్టడం మొదలుపెట్టింది, సెలవు రోజుల్లో కొలతలు నేను తీసేదాన్ని. ఒక సాయంత్రం ముసుగు కప్పుకుని ఒకామె వచ్చింది. ఆమె ఎవరన్నది అక్క నా చెవిలో చెప్పింది. ఆ కంటికొలత ఆయన భార్య. కొలత తీయనని చెప్పేద్దామనుకున్నాను. నిజంగా నోటిదాకా వచ్చింది. ఆమె రవిక విప్పి వెనక్కి తిరిగింది. ఆమె భుజాల మీద గాడులు నావాటికంటే లోతు, అక్కడ చర్మం నల్లబడి గట్టిపడిపోయింది. అంగడి యజమాని భార్య, పాతికేళ్ళుగా ఆ పెట్టెలోదే తొడుక్కుంది.

"ఆయప్పకి సెప్పొద్దు పాపా" అంది.

నేను నెమ్మదిగా కొలిచి, రెండు అంకెలూ పెద్దవిగా రాసి ఆమె చేతిలో పెట్టాను. "నేను సెప్పనక్కా. నువ్వే సెప్పాల. తెచ్చిపెట్టమని ఆయన్నే అడుగు" అన్నాను. ఇది దయ అని నేను బుకాయించను. ఆయన ఇంట్లోకి కూడా నా టేపు పోవాలని కోరుకున్నాను.

పోయింది. ఆమె ఏం అడిగిందో, ఎన్ని రోజులు పోట్లాడిందో నాకు తెలియదు. రెండు నెలలకు ఆ అంగడిలో ఒక పక్కకు తెర వేలాడింది, దాని వెనక ఆమె స్టూలు వేసుకుని కూర్చుంది, రకరకాల కొలతల పెట్టెలు దిగాయి. ఆయన తువ్వాళ్ళ వైపుకు జరిగాడు. ఆడవాళ్ళు లోపలికి వస్తే తల తిప్పుకుని వీధి చూసేవాడు. ఆయన పోయేదాకా అంతే. పోయినవారిని తిట్టకూడదని నాకూ తెలుసు. తిట్టడం లేదు, జరిగింది చెబుతున్నాను. నేను ఆయన్ని క్షమించలేదు, ఆయన అడగనూ లేదు.

ఇప్పుడు ఆ ఎక్స్ఛేంజి లేదు, ఆ బోర్డులు పాత ఇనుముకు పోయాయి. అక్క పోయి చాలా కాలమైంది. పదహారు మందిలో ఇంకా ఎందరం ఉన్నామో కూడా సరిగా తెలియదు. మా మనవరాలు కూర్చున్నచోటనే ఫోనులో చూసి తెప్పించుకుంటుంది, సరిపోకపోతే సంచిలో పెట్టి తిరిగి పంపేస్తుంది. తనను చూసి ఎవరూ నవ్వే అవకాశం లేదు, తాను ఎవరి మీదా కోపం పెట్టుకునే అవసరమూ లేదు. అలాగే ఉండాలని నేను కోరుకున్నాను, అలాగే అయింది. అయినా మొన్న ఆ దుకాణంలోని చల్లని గదిలో ఒక్కదాన్నే నిలబడి, చేతులు వెనక్కి మడిచి, కీళ్ళ నొప్పితో ఆ కొక్కేల కోసం తడుముకుంటుంటే, తలుపుకు గడియ వేసిన ఆ పాత విశ్రాంతి గదిలో, అక్క కుట్టి తెచ్చినవి తొడిగి చూసుకుంటూ ఒకరి వెనక ఒకరం వరసగా నిలబడి, కితకితలకు నవ్వుకుంటూ, ముందున్నామె కొక్కేలు వెనకున్నామె పెట్టిన రోజులు నా వీపుకే గుర్తొచ్చాయి.